శివారు దాకా వెళ్ళి చూడు

రాజోలు,
ఆదివారం

అబ్బాయీ,

నీ కథ అందింది. మొదటిసారి చదివినప్పుడు తొమ్మిదో పేజీ దగ్గర ఆపేసి కాగితాలు బోర్లా పెట్టేశాను. కోపం తగ్గుతుందేమోనని మర్నాడు పొద్దున్నే మళ్ళీ తీశాను. తగ్గలేదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు రాసింది నువ్వు మర్చిపోవుగానీ, నాకు అందులో ఏం కనిపించిందో చెప్తాను. 2022 జులై వరద. గోదారి మధ్య లంకలో చిక్కుకున్న నిండు చూలాలిని ఒక పడవవాడు నాటు పడవలో ఒడ్డుకి చేరుస్తాడు. గట్టు మీద ఎవరో తీసిన వీడియో ఊళ్ళన్నీ తిరుగుతుంది. హైదరాబాదులో గదిలో కూర్చున్న నీ కథానాయకుడు దాని కింద కామెంట్లు చదువుతాడు. 'హ్యాట్సాఫ్ అన్నా', 'మానవత్వం ఇంకా బతికే ఉంది', 'మీలాంటి వాళ్ళ వల్లే వానలు పడుతున్నాయి'. అందర్నీ కట్టగట్టి గొర్రెల మంద అంటాడు. తర్వాత సత్తెమ్మ అనే ఆవిడ పెట్టిన కామెంటు వస్తుంది. 'బాబు నీ సేతులు సల్లగుండ'. నీ వాడు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి స్నేహితుల గ్రూపులో పెడతాడు. అందరూ పడీ పడీ నవ్వుతారు. సత్తెమ్మ మళ్ళీ కథలోకి రాదు.

గెడ అడుక్కి అందడం లేదని తెలిసిన క్షణంలో పడవవాడి మొహం గురించి రాసిన నాలుగు లైన్లు బాగున్నాయి. నీళ్ళు ఎరిగినవాడివే. మరి మనుషుల దగ్గరికి వచ్చేసరికి అంత తొందరెందుకు?

మా నాన్న గోదారి మధ్య డెల్టా కాలువల మీద లస్కరు, నీళ్ళు చూసుకునే ఉద్యోగం. లాకుల పక్కన రెండు గదుల ఇంట్లో పెరిగాను. పెద్ద అధికారులు జీపులో వచ్చేవారు, కాలవ మొదట్లో ఉండే హెడ్ రెగ్యులేటర్ దగ్గర నీటిమట్టం గేజి చూసేవారు, నీళ్ళు బాగున్నాయని పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయేవారు. జీపు మలుపు తిరగ్గానే నాన్న సైకిలు తీసేవాడు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళ వంతులు నడిచే రోజుల్లో అయితే రాత్రిళ్ళు కూడా వెళ్ళేవాడు, టార్చిలైటు పట్టుకుని, ఆఖరి బోదె ఆఖరి చేను దాకా. ఒకసారి నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. చేలో నేల నెర్రెలిచ్చి ఉంది. మడమ ఆ నెర్రెలో పెట్టి చూపించి, "కాలవ సంగతి హెడ్డు దగ్గర తెలీదే, ఇక్కడ తెలుస్తుంది" అన్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఈ డెల్టాలో కాలవ చివరనున్న శివారు రైతుది అదే గోడు. పైవాడికి తడి, కిందివాడికి కబురు.

నేను రాయడం నేర్చుకున్నది ఆ నెర్రె దగ్గర. అరవై ఏళ్ళు దాటాక కూడా ఎవరు రాసిందైనా ఆ లెక్కనే చూస్తాను. శివారు దాకా వెళ్ళాడా, హెడ్డు దగ్గరే గేజి చూసుకుని వచ్చేశాడా అని. నువ్వు పై ఇరవై కామెంట్లు చదివి జీపెక్కేశావు.

నీ కథ చదివాక మా మనవరాలి ఫోను తీసుకుని, అలాంటి వీడియోలు నాలుగైదు వెతికించి, కింద దాకా జరుపుకుంటూ పోయాను. రెండు సాయంత్రాలు పట్టింది. పైన ఉన్నవి నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. దండాలు, చప్పట్లు, ఎర్ర గుండెలు. కిందికి పోయే కొద్దీ మాట మారుతుంది. 'మా అమ్మని కూడా ఇలాగే పడవలో తీసుకెళ్ళాం, దారిలోనే పోయింది' అని ఒకాయన. 'ఆ పడవకి ఇంజను ఎంతవుతుందో కనుక్కోండి' అని గల్ఫ్‌లో పనిచేసే కుర్రాడు. 'అకౌంట్ నంబరు పెట్టండి' అని పదిమంది. కులం అడిగినవాళ్ళున్నారు, వాళ్ళని చూసి ఒళ్ళు మండింది. అంతా నాటకం అన్నవాళ్ళూ ఉన్నారు. అన్నింటికంటే ఎక్కువ తిట్లు తిన్నది ఎవరో తెలుసా? 'ఇన్నేళ్ళయినా ఆ లంకకి వంతెన ఎందుకు లేదు?' అని అడిగినవాడు. 'ఒక మంచి జరిగితే ఓర్వలేవా' అని మీద పడ్డారు. నాకైతే ఆ పడవవాడి కష్టం సరిగ్గా అర్థమైంది అతనికే అనిపించింది. వంతెన ఉంటే ఆ రాత్రి ఆ చేతులు బొబ్బలెక్కేవి కావు కదా!

ఇన్ని గొంతుల్ని గొర్రెల మంద అన్నావు. మంచి వార్త కింద రాసేవాళ్ళలో చాలామంది వార్త గురించి రాయరు, అబ్బాయీ. తమ పాత బాకీ గురించి రాస్తారు. ఎప్పుడో ఎవరో చేసిన సాయం, పేరు కూడా తెలీని మనిషి, తీర్చుకునే దారి లేక లోపల ఉండిపోయింది. ఆ వీడియోలో పడవవాడు కనిపించగానే, ఇదిగో దొరికాడు అనుకుని ఆ దండం అతనికి పెట్టేస్తారు. 'సేతులు సల్లగుండ' అన్న మాట ఆ వీడియోలోని చేతుల కోసమేనా? ఏ చేతుల కోసం? నీ కథ అక్కడుంది. నువ్వు దాని పక్కనుంచి నవ్వుకుంటూ వెళ్ళిపోయావు.

'జనం మంచి వార్తలు చదవరు, చెడ్డవే చదువుతారు' అని మూడో పేజీలో ఒక వాక్యం పడేశావు. మా అమ్మాయి కాలేజీలో పాఠం చెప్తుంది, అడిగితే రెండు పరిశోధనల సంగతి చెప్పింది. 2023లో వచ్చినదాంట్లో ఒక అమెరికా వెబ్‌సైటు శీర్షికలు లక్షకు పైగా తీసుకుని చూశారట. శీర్షికలో చెడు మాట ఒకటి పెరిగితే నొక్కేవాళ్ళు 2.3 శాతం పెరిగారు. అంతవరకూ నీ మాట నిజం. కానీ 2012లో న్యూయార్క్ టైమ్స్ వ్యాసాలు దాదాపు ఏడు వేలు పరిశీలించి, జనం ఏవి ఈమెయిల్లో ఇంకొకరికి పంపుతున్నారో చూస్తే, మొత్తం మీద మంచి సంగతులే ఎక్కువ వెళ్ళాయి. అబ్బురపరిచేవి ఇంకా ఎక్కువ. కోపం తెప్పించేవీ పాకాయి, దిగులు పుట్టించేవి మాత్రం అంతగా కదల్లేదు. చెడ్డది కనిపిస్తే మనిషి తను తెరిచి చూస్తాడు. మంచిది కనిపిస్తే ఇంకొకళ్ళకి చూపిస్తాడు. మన వీధి అరుగుల మీద జరిగేదీ అదేగా. ఒక్క వాక్యంలో జనాన్ని కొట్టిపారేసే ముందు ఆ పాటి కనుక్కోవద్దా?

ఇంకో సంగతి. మన పాతవాళ్ళు మనసు కదిలినప్పుడు ఒంటికి ఏమవుతుందో ఎనిమిది రకాలుగా చెప్పారు. కొయ్యబారిపోవడం, చెమట, రోమాంచం, గొంతు మారడం, వణుకు, రంగు పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. సాత్త్విక భావాలన్నారు వీటిని. నటిస్తే రావు, లోపల జరిగితేనే వస్తాయి. ఫేస్‌బుక్‌లో 2016 ఫిబ్రవరి దాకా బొటనవేలు ఒక్కటే ఉండేది, అప్పుడు ఇంకో అయిదు బొమ్మలు చేర్చారు. ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడినవాడు ఆ బొమ్మల్లో ఏది నొక్కాలి? దొరికింది నొక్కుతాడు. వాడు నొక్కిన బొమ్మ చవగ్గా ఉందని వాడి ఒంట్లో జరిగింది చవక అనుకోకు. కథ రాసేవాడి పని ఆ బొమ్మ వెనక ఒంటికి ఏమైందో చెప్పడం.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టారని చిన్నప్పటి నుంచీ వింటున్నావు. ఆవిడ 1909లో పోయారు. వైనతేయ పాయ మీదుగా కాలవని దాటించే కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. ఇంత కాలం ఆ కబురు ఎవరు మోసుకొచ్చారనుకున్నావు? తిన్నవాళ్ళు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. 'ఆ తల్లి చెయ్యి చల్లన' అనుకుంటూ పడవెక్కి వెళ్ళిపోయారు, వెళ్ళిన ఊళ్ళో ఇంకొకరికి చెప్పారు. వాళ్ళని కూడా గొర్రెల మంద అంటావా?

నా సంగతి చెప్తాను. ఎవరికీ చెప్పలేదు ఇది.

1986 ఆగస్టు. భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులు ఎక్కిన వరద. పురిటికి లంకలో అమ్మమ్మ ఇంట్లో ఉన్నాను. పిల్లకి ఇరవై రోజులు. నీళ్ళు అరుగు దాటి గడప దాటి మంచం కోళ్ళ దాకా వచ్చాయి. పడవ వచ్చింది. మనిషికి అయిదు రూపాయలన్నాడు. అమ్మమ్మ, అమ్మ, నేను, తమ్ముడు. పిల్లని లెక్కలో వెయ్యలేదు. అమ్మ కొంగుముడిలో ఎనిమిది రూపాయలున్నాయి. మిగిలినదానికి ఇత్తడి చెంబు ఇచ్చింది. అతను తీసుకున్నాడు. వద్దనలేదు, కసరలేదు, చెంబు చేత్తో పట్టి బరువు చూసి పడవ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సగం దారిలో పడవలోకి నీళ్ళు రావడం మొదలయ్యాయి. ఒక చేత్తో గెడ, రెండో చేత్తో ఆ చెంబు. తోడి పోస్తూనే ఉన్నాడు. గట్టు మీద మమ్మల్ని దించి మళ్ళీ తిప్పాడు. చీకటి పడేలోగా మూడుసార్లు రావడం చూశాను, మూడుసార్లూ డబ్బు తీసుకునే తెచ్చాడు. వరద తగ్గాక చెంబు విడిపించుకుందామని అమ్మ చాలాసార్లు అంది. అతనెవరో తెలీలేదు.

రెండేళ్ళకి ఆ కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. సంపాదకులుగారు వేసుకున్నారు. కాకపోతే చివర మార్చారు. అచ్చులో పడవవాడు చెంబు తిరిగి ఇచ్చేసి, "తల్లీ, నీ బిడ్డ నవ్వే నాకు బాడుగ" అంటాడు. ఇరవై రోజుల పిల్ల, అంత వానలో, నవ్విందట! అడిగితే, పాఠకులు మంచిని కోరుకుంటారమ్మా అన్నారు. నాది మొదటి అచ్చు. నోరు మూసుకున్నాను. పదేళ్ళ తర్వాత గాలి తిరిగింది. ఇంకో పత్రికాయన నా కథ ఒకటి తిప్పి పంపుతూ, మంచివాళ్ళ కథలు కాలం చెల్లాయి, జీవితం అలా ఉండదు అని రాశాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒకాయనకి చెంబు తీసుకుంటే మంచివాడు కాడు. ఇంకొకాయనకి మంచివాడైతే మనిషే కాడు. చెంబు తీసుకుని, దాంతోనే నీళ్ళు తోడి మమ్మల్ని బతికించిన మనిషి ఇద్దరికీ అక్కర్లేదు. ఇప్పుడు నువ్వు ఆ రెండో ఆయన బాటలో నడుస్తున్నావని నా భయం.

ఆ కథకి పదకొండు కార్డులు వచ్చాయి. పదిహేను పైసల కార్డులు. అప్పటి కామెంట్లు అవే. పది కార్డుల్లో కళ్ళు చెమర్చాయని, పడవవాడు దేవుడని, నా కలానికి జోహార్లని. పదకొండోది నెలన్నర ఆలస్యంగా వచ్చింది, పత్రిక ఆఫీసు నుంచి తిరుగుతూ తిరుగుతూ. ఒక లంక నుంచి, ఒకావిడ. ఎవరి చేతనో రాయించినట్టుంది, మూడే వాక్యాలు. "మా పడవవాడూ డబ్బులు తీసుకున్నాడు. తీసుకున్నా మళ్ళీ మళ్ళీ వచ్చాడు. తీసుకోలేదని రాశారు, మీరు ఆయన్ని ఎరగరేమో అమ్మా."

ఆ కార్డు చదివి నేను మంచం మీద కూలబడ్డాను. నేను ఎరుగుదును. ఎరిగీ ఊరుకున్నాను. ఆ తర్వాత ఎవరు అడిగినా ఒక్క వాక్యం మార్చనివ్వలేదు, ఆ కారణంగా అచ్చు కాకుండా ఉండిపోయినవి ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి.

నీ ఉత్తరంలో కలం పేరు పెట్టుకోవాలా, ఏ పోటీకి పంపాలి, పుస్తకం ఎప్పుడు వెయ్యాలి అని అడిగావు. అవన్నీ తర్వాత చూద్దాం.

ముందు ఈ కథ తిరగరాయి. ఆ హైదరాబాదు గది తీసెయ్యి. సత్తెమ్మ దగ్గర మొదలుపెట్టు. ఫోను ఆవిడదేనా, కోడలిదా? 'చేతులు' అని కాకుండా 'సేతులు' అని పడింది అంటే నోట్లో ఉన్న మాట ఉన్నట్టుగా ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టి ఉంటుంది. అది కొట్టడానికి ఎంతసేపు పట్టింది? అప్పుడు ఇంట్లో ఇంకెవరున్నారు? పొయ్యి మీద ఏముంది? కళ్ళజోడు ఉందా? పోస్టు నొక్కాక ఏం చేసింది? ఆవిడని ఎప్పుడు, ఏ రేవులో, ఎవరు దాటించారో నువ్వు కనిపెట్టాలి. పడవవాడు ఎంత తీసుకున్నాడో కూడా రాయి. ఆ అంకె దాచకు.

రాశాక పోస్టులోనే పంపు, ఫోనులో పెద్దవి చదవలేను. ఆ పదకొండో కార్డు జిరాక్సు తీయించి ఈ కవర్లో పెడుతున్నాను. అసలు కార్డు నా దగ్గరే ఉంటుంది. జిరాక్సులో సరిగ్గా పడలేదుగానీ, కింద సంతకం ఉండాల్సిన చోట నల్లగా కనిపిస్తున్నది ఆవిడ వేలిముద్ర.

ఆశీస్సులతో,
పెద్దమ్మ