తిరుమలలో గది అని నమ్మి తిరుపతిలోని మా అత్త ఆన్‌లైన్‌లో మోసపోయింది. ఆమెకు ఎలా అండగా ఉండాలి?

ముందు తిట్లు ఆపించండి. భయపడితే అసలు వివరాలు దాచేస్తుంది, ఇప్పుడు కావలసినవి అవే. "అయిందేదో అయింది, ఫోన్ ఇటివ్వు అత్తా" అని పక్కన కూర్చుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు వేరే ఖాతాలకు మళ్లకముందే ఆపగలిగితేనే దక్కే ఆశ. యూపీఐ అయితే 12 అంకెల లావాదేవీ నంబరు, సమయం, ఎంత పంపిందో చెప్పాలి. వాట్సాప్ చాట్ చెరపనివ్వకండి, సిగ్గుతో చాలామంది చేసే పని అదే. బ్యాంకుకూ చెప్పండి. "ఫీజు కడితే డబ్బు వెనక్కిప్పిస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే అదీ మోసమే. చుట్టాల ముందు ఈ ఊసెత్తకండి (పెళ్లిళ్లలో జోకులుగా అసలే వద్దు). నాలుగు రోజులాగి, తర్వాతి గది టీటీడీ సైట్‌లో ఆమె చేతే బుక్ చేయించండి. చిరునామా 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'తో ముగిసిందో లేదో ఆమెనే చూడమనండి.