లాకులో మునిగిన పంటును పైకి తేవడం ఎలా?

ప్రశ్న: బకింగ్‌హాం కాలువ పూడికతీతకు వాడే ఇనుప పంటు (చదునైన అడుగున్న పడవ) ఒకటి మా ఊరి పాత లాకులో (పడవలను ఒక నీటిమట్టం నుంచి మరో మట్టానికి దాటించే, రెండు కొసలా తలుపులున్న కట్టడంలో) నీళ్లు చేరి మునిగిపోయింది. అంచు జానెడు లోతున కనిపిస్తోంది. జేసీబీకి ఇనుప తాడు కట్టి లాగిస్తే బయటికి వస్తుందా?
– ఒక పాఠకుడు, కావలి ప్రాంతం, నెల్లూరు జిల్లా

జవాబు: దయచేసి లాగించవద్దు. బిగిసిన ఇనుప తాడు తెగితే దాని కొస తగిలిన మనిషి బతకడం కష్టం. 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ గేట్ల వద్ద ఇరుక్కున్న పడవలు భారీ క్రేన్లతో లాగినా కదలక, రోజుల తరబడి శ్రమ పెట్టాయి. నాలుగు టన్నుల ఇనుము నీటిలో ఉన్నంతసేపు మూడున్నర టన్నులే తూగుతుంది గాని, అంచు నీటిపైకి లేచిన కొద్దీ లోపల మిగిలిన ప్రతి ఘనపు మీటరు నీరూ మరో టన్ను భారమవుతుంది. అడుగున బురద పట్టు దీనికి అదనం. కాబట్టి ముందుగా లోపలి నీటిని తోడించాలి.

ఈ పనికి లాకు ఎంతో అనుకూలమైన చోటు. జలవనరుల శాఖ అనుమతి తీసుకుని, ఎగువ తలుపులు మూసి, సముద్రపు పాటు వేళ (నీరు వెనక్కి తగ్గేటప్పుడు) దిగువ తూము తెరిస్తే, లాకులో మట్టం తగ్గి అంచు దానంతటదే బయటపడవచ్చు. పాత తలుపులు నీరు ఆపకపోతే ఇసుక బస్తాలతో అడ్డకట్ట వేయాలి. పంపులతో లాకు నీటిని దిగువ కాలువ మట్టం కంటే కిందికి దించవలసి వస్తే మాత్రం దిగువ వైపు కట్ట తప్పనిసరి, ఎందుకంటే దిగువ తలుపులు లోపలి నీటి ఒత్తిడికే బిగిసి ఉంటాయి, బయటి నీరు ఎక్కువైతే తెరుచుకుంటాయి. లాకును పూర్తిగా ఎండగట్టించవద్దని మరీ మరీ కోరుతున్నాను. గోడల వెనుక నానిన మట్టి తోస్తుంటే ఎదురు నిలిచేది లోపలి నీరే, అది ఒక్కసారిగా పోతే పాత కట్టడం లోపలికి ఒరుగుతుంది.

అంచు తేలాక నాలుగు మూలలకూ తాళ్లు కట్టి, చిల్లుకు రబ్బరు షీటు, పలక అదిమి, పంటులోని అన్ని గదుల్లోనూ సమంగా నీరు తోడాలి. ఒకవైపే తోడితే పంటు ఒరిగిపోతుంది. అడుగు బురదను వదలకపోతే గొట్టంతో నీటిధార కొట్టి, ముందు ఒక కొసను చైన్ పుల్లీతో మెల్లగా లేపాలి. డీజిల్ తొట్టి మూత, వాల్వు మొదటే బిగించాలి. తేలిన పంటును ఒక రాత్రి అక్కడే కట్టి ఉంచి, మళ్లీ నీరు ఊరడం లేదని చూసుకున్న తరువాతే లాకు దాటించండి.