1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్‌ని ఓడించిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ డ్యూక్. ఆయన పేరుతో తిరిగే కొటేషన్లలో నిజంగా ఆయనవి ఎన్ని? ఆయనకున్న గొప్ప పేరుకు ఆయన తగినవాడేనా?

నేను చరిత్రకారుణ్ణి కాను. లండన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఆదివారాలు పాత కట్టడాలు, మ్యూజియంలు తిరగడం, తర్వాత కూర్చుని చదవడం అలవాటైంది. ఆ మేరకు చెబుతాను.

మా ఆఫీసుకి ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చినాయన మొదటి స్లైడే "వాటర్లూ యుద్ధం ఈటన్ ఆటస్థలాల్లోనే గెలిచాం - వెల్లింగ్టన్". ఈటన్ అంటే ఇంగ్లండ్‌లో పెద్దింటి పిల్లలు చదివే బడి. వెల్లింగ్టన్ 1852లో పోయాడు. ఈ మాట ఆ తర్వాత కొన్నేళ్లకు గానీ అచ్చులో కనిపించలేదు, అదీ ఒక ఫ్రెంచ్ రచయిత ద్వారా. ఈటన్‌లో చదివిన రోజుల్లో ఆయనకు చదువులోనూ పేరు లేదు, ఆటల్లోనూ లేదు. ఇక "గుర్రాల సాలలో పుట్టినంత మాత్రాన గుర్రం అయిపోరు" అన్నది, తాను ఐర్లండ్‌లో పుట్టడం గురించి ఆయనే అన్నాడని చెబుతారు. నిజానికి 1843లో ఐరిష్ నాయకుడు డేనియల్ ఓకానెల్ ఆయన్ని ఎత్తిపొడుస్తూ అన్న మాట అది. తిట్టినవాడి మాటను తిట్టు తిన్నవాడి ఖాతాలో రాసేశారు!

సొంత సైనికుల్ని "భూమ్మీది చెత్త" అన్నది మాత్రం ఆయనే. 1813 జూన్‌లో స్పెయిన్‌లోని విటోరియా దగ్గర గెలిచాక, పారిపోతున్న ఫ్రెంచ్ సైన్యాన్ని తరమడం మానేసి సైనికులు వాళ్లు వదిలిన బళ్ల మీద పడి దోచుకున్నారు. ఆ కోపంలో జులై 2న మంత్రి బాథర్స్ట్‌కి రాసిన ఉత్తరంలో ఉందా మాట. చాలా ఏళ్ల తర్వాత ఒక సంభాషణలో మళ్లీ అదే మాట అని, అలాంటివాళ్లను ఇంత మంచి సైనికులుగా తీర్చిదిద్దగలగడమే ఆశ్చర్యం అన్నాడు. జనం మొదటి సగమే పట్టుకున్నారు. అయినా రెండో సగం కలిపి చదివినా నాకు ఆ మాటలో దొరతనమే కనిపిస్తుంది, ప్రేమ కాదు.

వాటర్లూ గురించి ఆయన గొప్పలు చెప్పుకోలేదు. అంత అంచుల్లో గెలిచిన యుద్ధం ఇంకోటి చూసి ఉండరని మర్నాడే ఒక పరిచయస్తుడితో అన్నాడు. సాయంత్రానికి సేనాని బ్లూషర్ నడిపిన మిత్రపక్షపు ప్రష్యన్ (అప్పటి ఒక జర్మన్ రాజ్యం) సైన్యం వచ్చి చేరకపోతే ఏమయ్యేదో ఆయనకు బాగా తెలుసు.

హైడ్ పార్క్ కార్నర్ పక్కనున్న ఆయన ఇల్లు ఆప్స్‌లీ హౌస్ ఇప్పుడు మ్యూజియం. మెట్ల దగ్గర మొదట ఎదురయ్యేది నెపోలియన్ పాలరాతి విగ్రహం: ఇటలీ శిల్పి కనోవా చెక్కినది, పదకొండు అడుగుల పైమాటే, ఒంటి మీద బట్ట దాదాపు లేదు, చేతిలో చిన్న విజయదేవత. ఓడిపోయినవాడు గెలిచినవాడి ఇంట్లో అంత ఎత్తున నిలబడి ఉంటే చూడటానికి తమాషాగా ఉంటుంది. ఈ ఇంటి కిటికీలనే 1831లో జనం రాళ్లతో పగలగొట్టారు. ఓటు హక్కు సంస్కరణలు అక్కర్లేదన్న మొండితనానికి దొరికిన ఫలితం అది. ఆయన కిటికీలకు ఇనుప తలుపులు పెట్టించుకున్నాడు. సేనానిగా తెచ్చుకున్న పేరును రాజకీయాల్లో చాలావరకు పోగొట్టుకున్నాడు.

అసలు ఆయన బుర్ర ఎలా పనిచేసేదో చూడాలంటే మాత్రం, వాటర్లూకి ముందు ఆయన ఈస్టిండియా కంపెనీ తరఫున సేనల్ని నడిపిన మన దేశానికే రావాలి. 1803 సెప్టెంబర్ 23, ఇప్పటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలోని అస్సాయే. ఎదురుగా తనకంటే ఎన్నో రెట్ల మరాఠా సైన్యం, మధ్యలో కైట్నా ఏరు. దాటే రేవు లేదని దారి చూపేవాళ్లు తేల్చేశారు. ఏటికి ఇటో ఊరు, అటో ఊరు ఎదురెదురుగా ఉండటం ఆయన గమనించాడు. రెండూళ్లు ఇంత దగ్గరగా కట్టుకున్నవాళ్లు రాకపోకలకు దారి లేకుండా ఎలా ఉంటారనుకుని, సైన్యాన్ని అటే నడిపించాడు. రేవు ఉంది. కొండకి అవతల ఏముందో ఊహించడమే యుద్ధం అని ముసలితనంలో ఆయన చెప్పిన మాటకు నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. మీరు చేసిన యుద్ధాల్లో గొప్పది ఏదంటే, వాటర్లూ అనకుండా అస్సాయే అన్నాడట.

ఆ రోజు ఆయన వైపు చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి పదిహేను వందలు దాటారు. వాళ్లలో మద్రాసు బెటాలియన్ల సిపాయిలు చాలామంది. ఇప్పటి మద్రాస్ రెజిమెంట్ బ్యాడ్జి మీది ఏనుగు ఆ యుద్ధం నుంచి వచ్చిందే. ఆ రెజిమెంట్ కేంద్రం నీలగిరుల్లో ఉంది, ఆ ఊరి పేరు వెల్లింగ్టన్. సేనాని పేరు ఊరికి పెట్టారు, సిపాయిల పేర్లు ఎవరికీ తెలియవు. ఆయన కొటేషన్ల కోసం వెతికేవాళ్లు ఎవరూ ఈ సిపాయిల దాకా రాకపోవడమే నాకు చిరాకు.