ఒకే లంగర్‌లో (ఆర్మీ భోజనశాలలో) తింటే కడుపులో బ్యాక్టీరియా ఒకటే అవుతుందా?

ప్రశ్న: మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడండీ. యూనిట్‌లో నాగా, పంజాబీ, తమిళ అబ్బాయిలు అందరూ ఒకే లంగర్‌లో తింటారంట, మరి వాళ్ల కడుపులో బ్యాక్టీరియా కూడా ఒకటే అయిపోతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కొంత దగ్గరవుతుందమ్మా, మొత్తం ఒకటైతే అవ్వదు. అసలు దీంట్లో జాతి కంటే తిండిదే పెద్ద చెయ్యి. చిన్నప్పట్నుంచి అన్నం, పప్పు, కూరగాయలు తిన్నోళ్లలో ప్రివొటెల్లా అనే రకం బ్యాక్టీరియా ఎక్కువ కనిపిస్తుంది, మాంసం, కొవ్వు ఎక్కువ తినేవాళ్లలో బాక్టీరాయిడ్స్ అనే ఇంకో రకం. జపాన్‌వాళ్ల సంగతైతే ఇంకా తమాషా, సముద్రపు నాచును అరిగించే జన్యువు వాళ్ల పేగుల్లోని బ్యాక్టీరియాకి సముద్రపు బ్యాక్టీరియా నుంచే వచ్చిందని 2010లో తేల్చారు. కానీ తిండి మారిస్తే మార్పు తొందరగానే మొదలవుద్ది, 2015లో ఆఫ్రికన్ అమెరికన్లకీ దక్షిణాఫ్రికా పల్లెవాళ్లకీ రెండు వారాలు భోజనాలు అటూఇటూ మారిస్తే బ్యాక్టీరియా పనితీరే మారిపోయింది. సైనికులకి తిండొక్కటే కాదులెండి, అలసట కూడా ఉంటుంది, నార్వే సైనికులు చలిలో నాలుగు రోజులు స్కీల (మంచు మీద జారే పలకల) మీద నడిచొచ్చేసరికి, ఏం తిన్నా సరే, పేగుల గోడ లీకవడం పెరిగి బ్యాక్టీరియా కూడా మారింది. మీ తమ్ముడు లీవులో వచ్చినప్పుడు గోంగూర ఒకేసారి దంచేయకుండా చూడండి, రెండ్రోజులు మజ్జిగన్నంతో మొదలెట్టమనండి.