విడాకుల తరువాత పాలసీ, వీలునామా ఎవరికి?

ప్రశ్న: మాది రాయగడ. ఇక్కడి కాగితపు మిల్లులో పని చేస్తున్నాను. పరస్పర అంగీకారంతో మాకు విడాకులు మంజూరయ్యాయి. తొమ్మిదేళ్ల మా పాప గుణుపురంలో తల్లి దగ్గర ఉంటోంది, మా అమ్మ నా దగ్గర ఉంటోంది. పెళ్లయిన కొత్తలో పార్వతీపురం శాఖలో తీసుకున్న జీవిత బీమా పాలసీకి నా మాజీ భార్యే నామినీ. ఇల్లు కూడా ఆమెకే చెందాలని అప్పట్లో తెలుగులో వీలునామా రాశాను. డిక్రీ వచ్చాక ఆ రాతలు వాటంతట అవే చెల్లకుండా పోతాయని ఇంగ్లండులో ఉన్న మా మేనల్లుడు అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: వీలునామా మటుకు మీ మేనల్లుడి మాట ఇంగ్లండు చట్టానికి సరిపోతుంది. అక్కడ, వీలునామాలో వేరుగా రాసుకుంటే తప్ప, విడాకులు పొందిన భార్య ఆ నాటికే కన్నుమూసినట్టు లెక్కగట్టి ఆస్తి పంచుతారు. మన 1925 నాటి భారత వారసత్వ చట్టంలో అలాంటి నియమం లేదు. హిందువులైతే మీరు మళ్లీ పెళ్లి చేసుకున్నా పాత వీలునామా రద్దు కాదు. మీరు మార్చనంత కాలం ఆ కాగితం నిలిచే ఉంటుందన్న జాగ్రత్తతోనే నడుచుకోండి.

పాలసీ సంగతి మరింత తొందరగా చూడవలసింది. నామినీ అంటే డబ్బు అందుకుని వారసులకు అప్పగించే వ్యక్తి మాత్రమేనని సుప్రీంకోర్టు 1984లో సర్బతీ దేవి కేసులో చెప్పింది. అయితే 2015లో బీమా చట్టం సెక్షను 39 మారాక, తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ముపై వారికే సొంత హక్కు కల్పించారు. విడాకులైన భార్యకు ఇది వర్తిస్తుందా అన్న వాదన మీరు లేని రోజున, మీ అమ్మగారు వృద్ధాప్యంలో కోర్టు మెట్లెక్కి తేల్చుకోవలసినది అవుతుంది. ఈలోగా కంపెనీ తన రికార్డులో ఉన్న పేరు చూసి చెల్లించేస్తుంది, మీ డిక్రీ సంగతి దానికి ఎవరూ చెప్పి ఉండరు కనుక.

కాబట్టి పాలసీ రికార్డు ఉన్న శాఖకు నామినీ మార్పు ఫారాన్ని బాండుతో పాటు ఇచ్చి, మార్పు నమోదైనట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఫారం నింపే ముందు రెండు కాగితాలు చదవండి. ఒకటి, విడాకుల ఒప్పందం: పాపకు ఈ పాలసీ ఉంచుతానని అందులో ఒప్పుకుని ఉంటే మీరు దానికి కట్టుబడాలి. రెండోది, బాండు: అది 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకున్నదని ఉంటే ఆ సొమ్ము భార్యాబిడ్డల కోసం ట్రస్టుగా ఏర్పడినట్టే, మీరొక్కరే అనుకుని మార్చడానికి వీలుండదు.

పాపనే నామినీగా పెట్టమని నా సలహా. ఆమె మైనరు గనుక సొమ్ము అందుకోవడానికి ఒక పెద్దమనిషిని నియమించాలి. మీ తమ్ముడో, అన్నో అయినా సరే, పాప బాగోగులు చూస్తున్న తల్లి అయినా సరే. దంపతుల మధ్య తెగిన బంధాన్ని బట్టి కాక, పాప చదువుకు డబ్బు సకాలంలో చేర్చేది ఎవరన్నది చూసి నిర్ణయించండి.

ఇంటికి కొత్త వీలునామా రాయండి. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు చేస్తున్నానని అందులో స్పష్టంగా పేర్కొని, మీరు సంతకం చేయగా చూసిన ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించండి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా చేయించడమే మేలు. తెలుగులో రాస్తే చట్టరీత్యా తప్పేమీ లేదు, కానీ రిజిస్ట్రారుకు ఆ భాష తెలియక, అది జిల్లాలో సాధారణంగా వాడే భాష కూడా కాదని తేలితే, ఒడియా అనువాదం, నకలు జతచేయమంటారు. ముందే సిద్ధం చేసుకోండి. పాత వీలునామా చించేసి ఊరుకుంటే, హిందూ వారసత్వ చట్టం సెక్షను 8 ప్రకారం ఇల్లు మీ అమ్మగారికి, పాపకు చెరిసగం వస్తుంది, మాజీ భార్యకు వాటా ఉండదు. విడాకులు ఆమెను వారసత్వం నుంచి తప్పిస్తాయి, కూతురిని తప్పించవు.

మిల్లులో గ్రూపు బీమా, ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీలకు మీరు విడివిడిగా నామినేషన్లు ఇచ్చి ఉంటారు. పాలసీలో పేరు మారినంత మాత్రాన అవి మారవు. డిక్రీ ధ్రువీకృత నకలు పట్టుకుని కార్యాలయానికి వెళ్లి, మూడింటికీ కొత్త ఫారాలు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.