పక్కింటాయన గుర్తుగా పార్కులో జియోక్యాష్: మా పెరంబూరు అనుభవం

మీ పక్కింటాయన రోజూ నడిచిన చెన్నై పార్కులో, నడకదారి పక్కన ఆయన గుర్తుగా జియోక్యాష్ (జీపీఎస్ కోఆర్డినేట్లు, అంటే చోటు తెలిపే అంకెలు, చూసుకుంటూ జనం వెతికి పట్టుకుని, లోపలి నోట్‌బుక్‌లో సంతకం పెట్టే ఆట డబ్బా) దాచాలనుకుంటున్నారు. కార్పొరేషన్ వాళ్లు ఒప్పుకుంటారా, ఒప్పుకున్నా డబ్బా ఎన్నాళ్లు నిలుస్తుంది అని అడిగారు. తప్పకుండా పెట్టండి. పెరంబూరులో మా ఎదురింటి మామగారి పేరు మీద మేం పెట్టినది ఇప్పటికీ ఉంది, దాన్ని చూసుకునేది నేనే.

డబ్బా సంగతి తర్వాత. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఆయన గురించి ఏం తెలుసుకుని వెళ్లాలో ముందు తేల్చుకోండి. పేరు ఒక్కటే చాలదు. మైలాపూరు లజ్‌లో నాగేశ్వరరావు పార్కు ఉంది కదా, అమృతాంజనం, ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు అది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది ఆయన ఇంట్లోనే. ఆ పార్కులో రోజూ నడుస్తూ కూడా ఆయనెవరో తెలియనివాళ్లు నాకు చాలామంది తగిలారు.

మా మామగారిది నెల్లూరు. ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో బోగీలకు సీట్లు బిగించే పని చేసి రిటైరయ్యారు. పొద్దున వాకింగ్‌కి వస్తే ఒక్క చెట్టునూ పలకరించకుండా వదిలేవారు కాదు. కానుగాకు నలిపి వాసన చూడమనేవారు. పొగడ కింద రాలిన పూలు ఏరి, వెంటపడే పిల్లల దోసిట్లో పోసి, "వాడినా వాసన పోదు, పుస్తకంలో పెట్టుకోండి" అనేవారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక నెల్లూరులో కూతురింటికి వెళ్లిపోయారు.

అలాంటి మనిషి పేరు చెప్పి ఒక డబ్బా దాచి ఊరుకుంటే, వచ్చినవాళ్లు సంతకం పెట్టేసి తమ దారిన పోతారు. అందుకే మేం మల్టీ క్యాష్, అంటే ఒక్కో మజిలీ దాటుకుంటూ డబ్బా దగ్గరికి చేరేది, చేశాం. ఇచ్చిన కోఆర్డినేట్లు పార్కు గేటువి. అక్కణ్ణుంచి ఆయన నడిచే దారిలోనే వెళ్లాలి. కానుగ ఎదురుగా ఉన్న బెంచీకి ఎన్ని పలకలు, పొగడ చుట్టూ కట్టిన అరుగుకి ఎన్ని మూలలు, ఇలా లెక్కపెట్టుకుంటూ పోతే ఆ అంకెలతో అసలు చోటు తేలుతుంది. వేర్వేరు క్యాష్‌ల డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలని నియమం. చూసి లెక్కపెట్టే మజిలీలకు అది వర్తించదు, కాబట్టి చిన్న పార్కులో కూడా దారంతా తిప్పవచ్చు.

అనుమతి విషయంలో మొహమాటపడకండి. ఊళ్లో పొదల మధ్య ఎవరిదో తెలియని డబ్బా కనబడితే ఎవరికైనా ముందు బాంబు అనుమానమే వస్తుంది. పార్కు చూసే అధికారికి కాగితం రాసి ఇచ్చి, ఒప్పుకున్నట్టు రాతలోనే తీసుకోండి. లోపల ఏముందో కనబడే పారదర్శకమైన డబ్బా వాడండి. మేం దానిమీద ఇదేమిటో తమిళంలోనూ ఇంగ్లీషులోనూ రాసి, ఫోన్ నంబరు అంటించాం. తోటమాలికీ వాచ్‌మన్‌కీ మూత తీసి చూపించాం. అప్పటినుంచి వాచ్‌మన్ దానికి కాపలా కూడా కాస్తున్నాడు, మా టెన్షన్ సగం తగ్గింది.

తవ్వి పాతిపెట్టకూడదు, చెట్టుకి మేకు కొట్టకూడదు. 2000 మేలో అమెరికాలోని ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ పెట్టిన మొట్టమొదటి జియోక్యాష్ ఒక బకెట్, అది సగానికి పైగా మట్టిలోనే ఉండేది. ఇప్పుడు అలా చేస్తే, కొత్త క్యాష్‌లను పరిశీలించి ఆట వెబ్‌సైట్‌లో పెట్టే రివ్యూయర్లు దాన్ని పబ్లిష్ చెయ్యరు. ఈ రివ్యూయర్లు కూడా వాలంటీర్లే, అడిగినదానికి ఓపిగ్గా జవాబివ్వండి.

చెన్నైలో అసలు శత్రువు ఈశాన్య రుతుపవనాలు. మూతకి రబ్బరు రింగు ఉండి, నాలుగు పక్కలా లాక్ పడే డబ్బా కొనండి. నోట్‌బుక్ జిప్ కవర్లో పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం వెయ్యండి. పెన్ను వద్దు, తడికి సిరా అలుక్కుపోతుంది, పెన్సిలే మేలు. తినేవి అసలు పెట్టకూడదు. అక్టోబరులో వానలు పట్టకముందు ఒకసారి, తుఫాను వెళ్లాక మరోసారి వెళ్లి చూడాలి. ఇంకో సంగతి, గుబురు చెట్ల కింద ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ గెంతుతుంది. వేర్వేరు రోజుల్లో రీడింగ్ తీసుకుని సగటు వెయ్యండి.

వెబ్‌సైట్‌లో మీ క్యాష్ వివరాల పేజీలో ఆయన గురించి రాసేముందు ఇంటివాళ్లని అడగండి. ఇంటి అడ్రసు వద్దు. ఆయన పేరున చందాలు అడగడం లాంటివి కూడా ఆ పేజీలో ఒప్పుకోరు. చెప్పాల్సింది ఆయన అలవాట్లే.

నోట్‌బుక్‌లో కొత్తగా రాసినవి ఫొటో తీసుకుని నేను మామగారికి ఫోన్లో చదివి వినిపిస్తాను. ఒకావిడ, తన కొడుకు దారిలో ప్రతి చెట్టు దగ్గరా ఆగి ఆకు నలిపి చూశాడని రాసింది. అది విని ఆయన మళ్లీ చదవమన్నారు, తర్వాత కానుగ పూసిందా అని అడిగారు.

రేపు మీరు ఊరు మారితే క్యాష్‌ని అనాథలా వదలకండి. దగ్గర్లో ఉన్నవాళ్లకి మీ అకౌంట్‌నుంచి అప్పగించే వీలుంది, దాన్ని అడాప్షన్ అంటారు. ఇంటివాళ్లలో ఒకరికి ఇప్పుడే ఈ ఆట నేర్పితే ఇంకా మంచిది. మీ పార్కు ఏ ఏరియాలో ఉందో రాయండి, 161 మీటర్ల లోపు వేరే క్యాష్ ఏదైనా ఉందేమో మ్యాప్‌లో చూసి చెబుతాను.