మధ్యలో ఆయన కాక ఇంకెవరుండాలి?

"మాది కోనసీమలో ఒక లంక ఊరు. నాకు ఎనిమిదో నెల, తొలి కాన్పు. భద్రాచలంలో గోదావరి పెరుగుతోందని టీవీలో చెబుతున్నారు. కాజ్‌వే మునిగితే మాకు పడవే దిక్కు. ముందే పుట్టింటికి వెళ్తానంటే అత్తగారు 'సరి నెలలో గడప దాటకూడదు. 86 వరదల్లో ఏటిగట్టు మీద పాకలోనే మీ వదినను కన్నాను' అంటున్నారు. ఇంట్లో రెండు గేదెలున్నాయి, వాటిని వదిలి ఆవిడ కదలరు. మావారు హైదరాబాద్‌లో ఉద్యోగం. 'మీరిద్దరూ తేల్చుకోండి, నన్ను మధ్యలోకి లాగకు' అంటున్నారు. అత్తగారు నొచ్చుకోకుండా ఎలా ఒప్పించాలి?"

ఒప్పించే పని పెట్టుకోకండి. బయల్దేరండి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. ఆ నీళ్లు ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూ ఇటూ. అక్కడ 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక. కానీ పల్లంలో ఉన్న కాజ్‌వేలు అంతవరకూ ఆగవని లంకల్లో ఉన్న మీకు నేను చెప్పాలా? అవి మునిగాక 108 అవతలి ఒడ్డునే ఆగిపోతుంది. ఏట్లో వరద ఎర్రనీరు కనబడిన రోజే మీకు ముహూర్తం.

మీ అత్తగారి మీద మాత్రం నాకు కోపం రాలేదు. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు పెరిగింది, ఇప్పటికీ అదే రికార్డు. ఆ వరదలో, పాకలో, తొలిచూలు! ఆ రాత్రి పక్కన ఎవరున్నారని ఆవిడను ఒకసారి అడిగి చూడండి. ఇక గేదెల సంగతంటారా, పాడి గేదెను గుంజకు వదిలేసి రమ్మంటే పల్లెటూరి మనిషి ఎవరూ రారు, రాకూడదు కూడా. కానీ వాటిని గట్టు మీదికి తోలాలి, నాలుగు మోపుల గడ్డి మోయాలి. ఈ వయసులో ఆవిడ ఒక్కరే ఎలా చేస్తారు?

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది మీవారి మాట. మధ్యలోకి లాగొద్దట! ఒకరు కన్నతల్లి, ఒకరు కడుపుతో ఉన్న భార్య, మునిగేది సొంత ఊరు. నెలనెలా డబ్బు పంపేస్తే కొడుకు బాధ్యత తీరిపోయిందనుకునే మగవాళ్లంటే నాకు ఓపిక తక్కువ. పులస దొరికిందని ఫోనొస్తే రాత్రికి రాత్రే బస్సెక్కే కొడుకుల్ని చాలామందిని చూశాను. దీనికీ ఎక్కొచ్చు.

ఈ రాత్రికే ఫోన్ చేయండి. ఏడవొద్దు, అత్తగారి మీద ఒక్క చాడీ చెప్పొద్దు. "రేపు నేను వెళ్తున్నాను. మీరొచ్చి అత్తయ్యనీ, గేదెల్నీ గట్టెక్కించండి. సరి నెల సంగతి మీ అమ్మకు మీరే చెప్పుకోండి" అనండి, అంతే. సెలవు దొరకదంటే మీ నాన్నగారిని రమ్మనండి. మీవారు రాలేదన్న విషయం మాత్రం మర్చిపోకండి, బిడ్డ పుట్టాక తీరిగ్గా అడగాల్సినవి చాలా ఉన్నాయి.

వెళ్లేటప్పుడు ఆశా వర్కర్‌కు చెప్పి వెళ్లండి. చీరలు తర్వాతైనా తెప్పించుకోవచ్చు. స్కానింగ్ రిపోర్టులు, ఆసుపత్రి కార్డు, వేసుకుంటున్న ఐరన్ మాత్రలు మాత్రం తడవకుండా కవరులో చుట్టి చేతిసంచిలోనే పెట్టుకోండి.